మోచేతి కింద రెండు వేళ్లు

ఆ వానాకాలమంతా నేను ఒకచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతానని మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. అది చాలదన్నట్టు ఆ ఏడు బడిలో నా గది కూడా పోయింది.

వరండా చివర ఉండేది ఆ గది. మాట రాని పిల్లలు, వచ్చినా పెదవి విప్పనివాళ్లు, నిమిషం కూర్చోలేనివాళ్లు, ఎంత దిద్దించినా అక్షరం నిలవనివాళ్లు అందరూ అక్కడే, నా దగ్గరే. ఆ గదికి నేను మహారాణిని. బళ్లు తెరిచేసరికి ఇక విడి గదులు వద్దు, పిల్లలంతా కలిసే చదవాలి అని ఉత్తర్వు వచ్చింది. మంచి మాటే. శిక్షణకు పిలిచినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. తిరిగొచ్చి చూస్తే నా గదిలో విరిగిన బల్లలు పేర్చి తాళం వేసి ఉంది. నా పిల్లలు తలా ఒక తరగతిలోకి వెళ్లి ఎలాగోలా సర్దుకున్నారు. సర్దుకోనిది ఒక్క బుల్లి.

బుల్లి మా తమ్ముడి కూతురు. తమ్ముడు, మరదలు, బుల్లి, నేను అంతా ఒకే ఇల్లు, ఒకే వంటగది. నేను పెళ్లి జోలికి పోలేదు, ఆ కథ ఇక్కడ అనవసరం. బుల్లికి అప్పుడు ఎనిమిదేళ్లు. మాట లేదు. పెదాలు బిగించి ముక్కుతో సన్నగా రాగం తీస్తూ ఉంటుంది. ఆ రాగం వింటే ఆకలో, నిద్రో, కోపమో నేను ఇట్టే చెప్పేదాన్ని. కన్నతల్లి కూడా నన్నే అడిగేది, "ఏమంటోంది వదినా?" అని.

మొదటి వారంలోనే పెద్ద టీచరు నన్ను పిలిచింది. "చూడమ్మా, వానలు వెళ్లేలోపు పై ఆఫీసు నుంచి ఒకావిడ వస్తుంది. తరగతిలో తమంతట తాము నెట్టుకురాగలిగిన పిల్లల్ని ఇక్కడే ఉంచుతారు. లేకపోతే హాస్టలున్న ప్రత్యేక బడికి పంపిస్తారు. మీ మేనకోడలి సంగతి మరి నువ్వే చూసుకోవాలి" అంది.

ఆ హాస్టలు బడికి బస్సులో ఒక పూట ప్రయాణం. ఆకలేస్తే రాగం తీసే పిల్ల, ఆ రాగం ఎవరికీ అర్థం కాని చోట. 

"ఓస్, అదెంత పని!" అన్నాను పైకి.

బుల్లిని మూడో తరగతిలో వేశారు. ఆ తరగతి మాస్టారు చెవి మీద సుద్దముక్క పెట్టుకుని మరిచిపోయి అలాగే ఇంటిదాకా వెళ్లిపోయే మనిషి. పిల్లలు ఆయనకు సుద్ద మాస్టారని పేరు పెట్టారు. ఆయన పాఠం చెబుతుంటే బుల్లి పక్కన, చిన్నపిల్లల బల్ల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నేను. ఇంత భారీ మనిషిని పట్టుకుని తరగతి తరగతంతా 'బుల్లి టీచర్' అనడం మొదలుపెట్టారు.

బుల్లి చేత పని చేయించడానికి నా దగ్గరొక కిటుకు ఉండేది. మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి రవ్వంత ఎత్తేదాన్ని. అంతే, చెయ్యి కదిలేది. పలక తీసేది, గీత గీసేది, బొమ్మ అతికించేది, సీసా మూత తిప్పి నీళ్లు తాగేది. పక్కనున్నవాళ్లకు నా వేళ్లు కనిపించేవి కూడా కావు. ఒకరోజు పెద్ద టీచరు గుమ్మంలో నిలబడి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏం మాయ చేశావమ్మా, అందరితోపాటూ రాసేస్తోంది!"

ఇంట్లో తమ్ముడు ఆ మాట నాచేత పదిసార్లు చెప్పించుకున్నాడు. మరదలు మాత్రం వింటూ గిన్నెలు తుడుస్తూ ఉండిపోయింది.

వానలు ముదిరాయి. ఒకరోజు భోజనాల గంటకు ముందు ఆఫీసు గదిలోకి రమ్మని కబురొచ్చింది. ఫోనులో పై ఆఫీసువాళ్లు నా పాత గది పిల్లల వివరాలు అడుగుతున్నారు. లైను తెగడం, మళ్లీ కలపడం, చెప్పిందే చెప్పడం. నేను బయటపడేసరికి పిల్లలు తినడం అయిపోయి, బయట ఆటలు కూడా ముగింపుకొచ్చాయి.

తరగతిలో ఇద్దరే ఉన్నారు. బుల్లి, బుల్లి బల్ల మీదే రెండోవైపు కూర్చునే పిల్ల. ఆ పిల్ల నోరు తెరిస్తే మూసేది కాదు, అందుకే నేను వసపిట్ట అని పిలిచేదాన్ని. బుల్లి ముందు అన్నం డబ్బా మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. సీసా చేతిలో ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. దాహం రాగం తీస్తోంది, అది కూడా సన్నగిల్లిపోయింది.

"తాగలేదేం ఇది?" అన్నాను.

"నేను తాగు తాగు అని ఎన్నిసార్లు చెప్పానో టీచర్. తాగదు. మీ వేళ్లు వస్తేనే తాగుతుంది" అంది వసపిట్ట, రేపు ఆదివారం అన్నంత మామూలుగా.

మోచేతి కింద వేళ్లు పెట్టాను. బుల్లి సీసా ఎత్తి గడగడా, ఊపిరి తీసుకోకుండా సీసా ఖాళీ అయ్యేదాకా తాగింది.

 ఇన్నాళ్లూ ఈ పిల్ల గీసిందనుకున్న గీతలు, అతికించిందనుకున్న బొమ్మలు అన్నీ నావే. ఊతం ఎక్కువైతే పిల్ల ఊతానికే అలవాటు పడిపోతుందని శిక్షణలో ఒక పూటంతా చెప్పారు. శ్రద్ధగా తల కూడా ఊపాను. అది వేరే ఎవరి గురించో అనుకున్నాను మరి. మన పనితనం ఎక్కువైతే కూడా పిల్ల మునుగుతుందని ఎవరికి తోస్తుంది?

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోలేక, నిలబడలేక, గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ సంగతంతా చెప్పాను. ఇక నేను పక్కన కూర్చోననీ, రోజు రోజుకూ వెనక్కి జరుగుతాననీ చెప్పాను.

తమ్ముడు తలపట్టుకున్నాడు. "బాగానే నడుస్తోంది కదక్కా, ఎందుకు కెలకడం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నువ్వంటే దానికి ప్రాణం వదినా. ప్రేమ కూడా రోగమేనా మీ చదువులో?" అంది మరదలు.

"వచ్చే ఆవిడ నా ప్రేమని చూడ్డానికి రావట్లేదు. అది నేను లేకుండా ఏం చేస్తుందో చూడ్డానికి వస్తోంది" అన్నాను.

మర్నాడు విడిగా ఒక బల్ల తెచ్చి బుల్లి వెనక వేసుకున్నాను. బుల్లి వెనక్కి తిరిగి మోచెయ్యి నా వైపు చాపింది. నేను చేతులు ఒళ్లో దాచుకున్నాను. అది చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. కాసేపటికి రాగం అందుకుంది, రాగం అరుపయింది, అరుపు ఏడుపయింది, తన మణికట్టు తనే కొరుక్కుంది. తరగతిలో పాఠం ఆగిపోయింది. నేను ఒక్క గెంతులో వెళ్లి పక్కన కూర్చుని వేళ్లు పెట్టేశాను. మర్నాడు కూడా ఇదే కథ. ఆ మర్నాడూ ఇంతే. తలప్రాణం తోకకొచ్చింది.

"నావల్ల కాదండీ టీచర్‌గారూ," అన్నాడు సుద్ద మాస్టారు వరండాలో. "ఆ పిల్ల అరుస్తుంటే నాకు మిగతావాళ్ల మొహాలు కూడా కనిపించడం లేదు. నాకు ఇవన్నీ నేర్పలేదు."

"నాకు నేర్పారు. అయినా నా వల్ల అయిందా?" అన్నాను చిరాగ్గా.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు కానీ ఆ నవ్వుతో ఇద్దరం మనుషుల్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అంతవరకూ ఆ తరగతిలో ఆయన పిల్లలు వేరు, నా పిల్ల వేరు. బుల్లికి ఏం చెప్పాలన్నా నేనే చెప్పేదాన్ని, ఆయన అటువైపు చూసేవాడు కాదు. తప్పు ఆయనదని ఎలా అనను, మధ్యలో గోడలా కూర్చున్నది నేనైతే?

ఇకమీదట బుల్లికి ఏం చెప్పాలన్నా ఆయనే చెప్పాలనుకున్నాం. అదీ బుల్లికి ఒక్కదానికే కాదు, అందరికీ. నల్లబల్ల పక్కన అట్టముక్కలు మేకులకు తగిలించాం. పలక బొమ్మ, పుస్తకం బొమ్మ, నీళ్ల సీసా బొమ్మ, ఆట బొమ్మ. ఏ పని వస్తే ఆ బొమ్మ ముందుకు వేలాడుతుంది. మాటతో చెప్పి ఊరుకోవడమంటూ ఉండదు. బొమ్మలు మాస్టారే వేశాడు. ఆయన వేసిన సీసా అచ్చం వంకాయలా వచ్చింది. పిల్లలు "వంకాయ తాగే టైమైంది మాస్టారూ" అని గోల చేసేవాళ్లు. కాళ్లూ చేతులూ ఊరికే ఆడించే నలుగురైదుగురు పిల్లలు కూడా ఆ బొమ్మల పుణ్యమా అని కుదుటపడ్డారు. అది మేమెవరమూ అనుకోని లాభం.

ఒక్క బుల్లికే చీమ కుట్టినట్టయినా లేదు. బొమ్మ చూసేది. తర్వాత నన్ను చూసేది. నా బల్ల వెనక వరుసకు పోయింది, తర్వాత తలుపు పక్కకు పోయింది. అరుపులు తగ్గాయి. కానీ చెయ్యి లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చునేది. అరిస్తేనే నయమనిపించింది నాకు.

ఇంట్లో ఇంకో తంటా మొదలైంది. నేను ముట్టుకోవడం మానేసేసరికి బుల్లి మోచెయ్యి తీసుకెళ్లి తల్లికి ఇచ్చింది. మరదలు ఆ చెయ్యి పట్టుకుని చొక్కా తొడిగింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది, తల దువ్వింది, పక్కలో పడుకోబెట్టుకుంది. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి ఇల్లంతా సందడిగా తిరగడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు నోరు ఆగలేదు.

"నువ్వు కూడా చెయ్యకూడదు. నేను తీసిన ఊతం నువ్వు పెడితే నేను తీసి లాభమేంటి?"

మరదలు చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది.

"ఎనిమిదేళ్లు వదినా," అంది. గొంతు పెంచలేదు. "ఎనిమిదేళ్లు నా కూతురు ఏమంటోందో నిన్ను అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు అది నా దగ్గరికి వచ్చింది. నా దగ్గరికి! నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

 ఆ ఇంట్లో మాట రానిది బుల్లి ఒక్కతే అనుకుంటూ ఉండేదాన్ని.

తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "మీరిద్దరూ కొట్టుకోకండి. నేను ఆ హాస్టలు బడివాళ్లతో మాట్లాడాను. మంచివాళ్లలాగే ఉన్నారు. అక్కడంతా తెలిసినవాళ్లే చూసుకుంటారు. దానికోసం మనం ఇలా అయిపోవడం నేను చూడలేను" అన్నాడు.

మరదలు దువ్వెన కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పులు వేసుకుని వానలోనే బయటికి వెళ్లిపోయాను. వీధి చివరిదాకా వెళ్లి, ఎక్కడికి వెళ్లాలో తెలియక, మళ్లీ వెనక్కి వచ్చాను.

పై ఆఫీసు ఆవిడ వచ్చే వారం ఖాయమైంది. నా బల్ల తలుపు దాటి వరండాలోకి వచ్చేసింది. చేతులకు పని లేక చీర కొంగు పీకి పీకి దారాలు లాగేస్తున్నాను.

ఆ రోజు పుస్తకంలో గీతలు గీసే పని. బుల్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వసపిట్ట తప్పు గీసి, తన రబ్బరు ఎక్కడో పారేసుకుని, అడగకుండా బుల్లి రబ్బరు తీసుకుంది. అడిగినా జవాబు రాదని ఆ పిల్లకు తెలుసు. తుడిచేసి తన డబ్బాలో వేసుకుంది కూడా.

బుల్లి చూసింది. నా వైపు చూస్తుందనుకుని నేను సగం లేచాను. చూడలేదు. చెయ్యి చాపి వసపిట్ట డబ్బా లాక్కుని, మూత తీసి, రబ్బరు తీసుకుని, డబ్బా కింద పడేసింది.

"మాస్టారూ! చూడండి నా డబ్బా ఎలా పడేసిందో!" అని వసపిట్ట ఆకాశం బద్దలయ్యేలా అరిచింది.

నేను గుమ్మంలోకి వచ్చేశాను. మాస్టారు నా వైపు చూసి, వద్దన్నట్టు అరచెయ్యి చూపించాడు. అంతకుముందు ఎన్నడూ ఆయన నన్ను ఆపలేదు.

"అడగకుండా తీసుకుంటే ఊరుకుంటుందా? అడుగు. బుల్లీ, ఆ డబ్బా తీసి ఇవ్వు" అన్నాడు, ఏ ఇద్దరు పిల్లలు కొట్టుకున్నా చెప్పేటట్టే.

బుల్లి డబ్బా తీసి ఇవ్వలేదు. రబ్బరు గుప్పిట్లో బిగించి కూర్చుంది. వసపిట్ట తనే వంగి తీసుకుని, మూతి ముడుచుకుని, అవతలికి జరిగింది. పాఠం సాగింది. నేను వెళ్లి నా బల్ల మీద కూర్చున్నాను. కొంగు వదిలేశాను.

ఆ వారమంతా ఆ ఇద్దరూ కొట్టుకున్నారు. మాస్టారు తగువులు తీర్చాడు. పెన్సిలు కోసం, బల్ల మీద హద్దు కోసం, వంకాయ బొమ్మ వచ్చినప్పుడు ఎవరు ముందు నీళ్లు తాగాలన్నదాని కోసం. తగువు పడాలంటే చెయ్యి లేవాలి. బుల్లి చెయ్యి లేచింది.

ఇంట్లో ఈ కబురు చెబితే తమ్ముడు నమ్మలేదు. "రబ్బరు లాక్కుంటే చదువొచ్చినట్టా?" అన్నాడు. మరదలు బుల్లికి ముద్ద పెడుతూ, నా వైపు చూడకుండానే, "లాక్కుందా నిజంగా?" అంది. అంతకు మించి అడగలేదు. ముద్దలు పెట్టడమూ మానలేదు.

ఆవిడ వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ఈదురుగాలి. పొట్టిగా, తడిసిన గొడుగుతో, ఏ మాటా పైకి తేలని మొహంతో వచ్చి తరగతిలో చివరి బల్ల మీద కూర్చుంది. కూర్చునే ముందు నాతో ఒక్క మాట అంది.

"మీరు బయటే ఉండండి టీచర్. వరండాలో కూడా ఆ పిల్లకి కనిపించకుండా."

కనిపించకుండా అంటే నేను ఎక్కడని దాక్కోను? తరగతి చుట్టూ తిరిగి వెనకవైపు, చూరు కిందికి వెళ్లాను. అక్కడ కిటికీ తెరిచి ఉంది. ఒక పక్కగా నిలబడి ఒక కన్నుతో చూశాను. చూరు నుంచి కారే నీళ్లు నా భుజం మీదే పడుతున్నాయి. అయినా కదల్లేదు.

బుల్లి పుస్తకం తీసింది. మంచిదే. రెండో పేజీ తిప్పమంటే తిప్పలేదు. పోనీలే. మాస్టారు గీయమన్నప్పుడు గీతకు బదులు పేజీ అంతా పెన్సిలు రాసేసింది. ఆవిడ ఏదో రాసుకుంటోంది. తర్వాత వంకాయ బొమ్మ ముందుకు వచ్చింది. బుల్లి సీసా ముట్టుకోలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

వెళ్లు, వెళ్లి వేళ్లు పెట్టు అంటోంది నా ఒళ్లంతా. ఇంత దూరంలో ఉంది ఆ మోచెయ్యి. అంత దగ్గరగా ఉంది హాస్టలు బస్సు. తెలియకుండానే కిటికీకి ఎదురుగా జరిగిపోయాను. చువ్వలు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే గాలి తిరిగింది. వానజల్లు నా మీదుగా తరగతిలోకి కొట్టింది. కిటికీ పక్క పిల్లలు కేకలు పెట్టారు. బుల్లి తల తిప్పి చూసింది. నేరుగా నన్నే చూసింది. మొహం నిండా నీళ్లు కారుతూ చువ్వలు పట్టుకుని వేలాడుతున్న మేనత్తని. ఇక అంతా అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు చెయ్యి చాపుతుంది, నేను వెళ్లను, అది అరుస్తుంది.

బుల్లి లేచింది. బల్లల మధ్య నుంచి నా వైపు నడిచి వచ్చింది. దగ్గరికి వచ్చి, వెనక బల్ల మీద తడుస్తున్న తన పుస్తకం వైపు ఒకసారి తిరిగి చూసుకుని, కిటికీ రెక్క పట్టుకుని లాగింది. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో లాగింది. రెక్క నా ముక్కుకు వేలెడు దూరంలో దభీమని మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. తడిసి ముద్దయి అక్కడే నిలబడ్డాను. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తేల్చుకోలేక రెండూ కానిచ్చాను.

గంట కొట్టాక ఆవిడ వరండాలో మాస్టారితో అంటుంటే విన్నాను.

"కిటికీ వెయ్యమని ఎవరు చెప్పారు ఆ అమ్మాయికి?"

"ఎవరూ చెప్పలేదండీ."

"బయట నిలబడ్డది ఎవరు?"

మాస్టారు చెవి మీది సుద్దముక్క సర్దుకున్నాడు. "పిల్ల మేనత్తండీ. మా టీచరే."

ఆవిడ గొడుగు విప్పుతూ నన్ను చూసింది, నా చీరను చూసింది. "మేనత్తకి తువ్వాలు ఇవ్వండి. పిల్ల ఇక్కడే ఉంటుంది. నేర్చుకోవాల్సింది చాలా ఉంది కానీ, తరగతి తనదని తెలిసింది దానికి" అంది. తర్వాత మాస్టారితో, "మీ సీసా బొమ్మ మాత్రం మార్చండి" అని వానలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం నేను, బుల్లి ఇల్లు చేరేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో.

"ఉంటుంది. ఇక్కడే" అన్నాను.

మరదలు గుమ్మం మీదే కూలబడింది. బుల్లి మా ఇద్దరి మధ్య నుంచి దూరి లోపలికి వెళ్లిపోయింది.

"ఏం చేసింది వదినా? బాగా రాసిందా?"

"ఏమీ రాయలేదు. పేజీ అంతా పెన్సిలు పూసింది."

"మరి?"

"వచ్చి నా మొహమ్మీద కిటికీ వేసేసింది. తనంతట తనే లేచొచ్చి."

జరిగిందంతా చెప్పాను. మరదలు మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఆ వానాకాలంలో ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. లోపల బుల్లి తడి బట్టలతోనే ఏదో రాగం తీసుకుంటోంది. అదేం రాగమో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. కొంచెంసేపు ఇద్దరం వింటూ కూర్చున్నాం.

"నా మొహాన కిటికీ ఎప్పుడేస్తుందో వదినా" అంది మరదలు.